నలభై ఒకటో ప్రశ్న

జనవరి 11

ఈ డైరీ పోయిన ఏడాదిది. పుస్తకాల షాపాయన దగ్గర అడుగున పడి ఉంటే దుమ్ము దులిపి ఊరికే ఇచ్చాడు. తేదీలు సరిపోతాయి, వారాలే కలవవు. వారాలు కొట్టేసి రాసుకుంటున్నాను.

ఈరోజు మంచి రోజు. ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ మేడం పిలిపించారు. ఆవిడ ఒక పెద్ద స్టడీ చేస్తున్నారు. యూనివర్సిటీ విద్యార్థుల చదువు మీద మానసిక, సామాజిక కారణాల ప్రభావం. పొట్టిదానికి ఈ టైటిల్ చెబితే, సగం వినేసరికే నిద్రొస్తోంది, ఆ టైటిల్‌నే మొదటి కారణంగా రాసుకోమను అంది. పొట్టిది నా క్లాస్‌మేట్. క్లాసులో నాతో మాట్లాడేది అదొక్కతే. అది అందరితోనూ మాట్లాడుతుంది కాబట్టి నాతోనూ మాట్లాడుతుంది.

మేడంకి స్టాటిస్టిక్స్ చదివే మనిషి కావాలట. ఫారం టైప్ చెయ్యడానికి, వచ్చిన జవాబులు కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి. మా హెడ్ నా పేరు పంపారు. పోయిన సెమిస్టర్‌లో రెండు పేపర్లు పోగొట్టుకున్న దాని పేరు ఎందుకు పంపారో తెలియదు. వెళ్లాను. మేడం మార్కుల మాటే ఎత్తలేదు. నువ్వు కూర్చో తల్లీ, నేను పోస్తాను అని ఫ్లాస్కులోంచి టీ పోసి నా చేతికి ఇచ్చారు. కిటికీ పక్క టేబుల్ ఇక నాదేనట. ఈ యూనివర్సిటీలో నాకంటూ ఒక కుర్చీ ఉండటం ఇదే మొదటిసారి.

జనవరి 13

అమ్మకు చెప్పాను. అయితే దొరసాని గారికి ఆఫీసు కూడా ఇచ్చారన్నమాట అంది. తడి చేత్తోనే నా బుగ్గ గిల్లింది. ఏ గది అని అడిగింది. మూడో అంతస్తులో చివరిది అన్నాను. ఓ, ఆ గదా, ఆ కిటికీ కింద చీమలు పడతాయి, బిస్కెట్లు దాచుకోకు అంది.

ఆ బిల్డింగ్‌లో ప్రతి గదీ అమ్మకు తెలుసు. తొమ్మిదేళ్లుగా ఊడుస్తోంది.

ఇది ఇంతవరకు ఎక్కడా రాయలేదు. రాసేస్తాను. మా అమ్మ మా యూనివర్సిటీలో స్వీపర్. మా డిపార్ట్‌మెంట్ ఉన్న బిల్డింగ్‌లోనే. నాన్న చనిపోయిన ఏడాది చేరింది. నాకు ఇక్కడ సీటు వచ్చిన రోజు అమ్మే అంది. అక్కడ నన్ను పలకరించకు, నేనూ నిన్ను పలకరించను, నీ స్నేహితుల ముందు నీకెందుకు తలవంపులు అంది. నేను ఛ, అదేం మాట అనాలి. అనలేదు. సరే అన్నాను. ఎంత తొందరగా అన్నానంటే, అమ్మ ఇంకా ఏదో చెప్పబోయి ఆగిపోయింది. తర్వాత నవ్వేసి, పొయ్యి మీద అన్నం చూడు, మాడిపోతోంది అంది. అన్నం మాడలేదు.

ఏడాదిన్నరగా ఇదే నడుస్తోంది. తను ఐదింటికి వెళ్తుంది, నేను తొమ్మిదింటికి. ఒకే కూర రెండు బాక్సుల్లో వెళ్తుంది. కారిడార్‌లో ఎదురైతే తను గోడ వైపు తిరిగి తుడుస్తుంది, నేను ఫోన్ చూసుకుంటాను. సాయంత్రం ఇంట్లో నా జడ తనే వేస్తుంది. ఆ గంటలో యూనివర్సిటీ మాట ఇద్దరం ఎత్తం.

జనవరి 24

ఫారం తయారైంది. నలభై ప్రశ్నలకు టిక్కులు పెడితే చాలు. ఎన్ని గంటలు చదువుతారు, ఎన్ని గంటలు నిద్రపోతారు, ఇంట్లో ఎవరు చదువుకున్నారు, లెక్చరర్‌ని డౌట్ అడగడానికి భయమా, ఇలాంటివి. నలభై ఒకటో ప్రశ్న మాత్రం రాయాలి. మీ చదువుకు అడ్డుపడుతున్న విషయం ఒక్కటి మీ సొంత మాటల్లో రాయండి. కింద పది గీతలు.

మొదటి పేజీలో మేడం చెబుతుంటే నేను టైప్ చేశాను. మీ పేరు అడగం. మీ జవాబు ఎవరికీ చూపించం. లెక్కకు మాత్రమే వాడతాం. అది కొంచెం పొడిగా ఉందనిపించి, మీరు రాసిన మాట ఎక్కడా పైకి చదవం అని నేనే ఒక వాక్యం కలిపాను. మేడం చదివి, భలే పట్టుకున్నావే, ఈ ఒక్క మాటతో పిల్లలు నమ్ముతారు అన్నారు. రోజంతా ఆ మాటే తలుచుకున్నాను.

ఫిబ్రవరి 3

ఫారాలు పంచాం. రెండు వందల పన్నెండు. మా క్లాసులో నేనే పంచాను. పొట్టిది నలభై ఒకటో ప్రశ్న దగ్గర ఆగి, నిజం చెప్పవే, ఇది ఎవరైనా చదువుతారా అని అడిగింది. ఎవరూ చదవరు, నా మాట నమ్ము అన్నాను. అది నా వైపు అదోలా చూసి, చెయ్యి అడ్డుపెట్టుకుని రాసింది. ఎప్పుడూ నవ్వే మనిషి రాస్తున్నంతసేపూ నవ్వలేదు.

ఫిబ్రవరి 4, సాయంత్రం

నేనూ ఒక ఫారం తీసుకున్నాను. నేనూ ఇక్కడి విద్యార్థినే కదా. నలభై టిక్కులు ఐదు నిమిషాల్లో అయిపోయాయి. నలభై ఒకటికి గంట పట్టింది. రాసింది ఇక్కడ కాపీ చేసి పెట్టుకుంటున్నాను.

"మా అమ్మ ఈ బిల్డింగ్‌లోనే ఊడుస్తుంది. నేను పరీక్ష రాస్తుంటే బయట కారిడార్‌లో ఆమె బకెట్ కిర్రుమంటుంది. ఆ చప్పుడు వినగానే నా చెయ్యి ఆగిపోతుంది. ఎవరైనా తలుపు తీస్తారేమో, ఆమె నన్ను చూసి పొరపాటున నవ్వుతుందేమో అని భయం. చప్పుడు దూరంగా వెళ్లేదాకా ఒక్క లెక్క కూడా ముందుకు కదలదు. పరీక్ష రోజు ఆమె పనిలోకి రాకపోతే బాగుండుననుకుంటాను. ఒకసారి జ్వరం వచ్చి రాలేదు. ఆ పేపర్‌లోనే నాకు అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి."

రాశాక ఒళ్లు తేలికైంది. సిగ్గు కూడా వేసింది. కానీ నిజం రాయమన్నారు, రాశాను. మడిచి కట్ట మధ్యలో పెట్టేశాను. నంబరు 137.

అమ్మ బకెట్ గురించి ఒక మాట. మిగతావాళ్లందరికీ ప్లాస్టిక్ బకెట్లు ఇచ్చారు. అమ్మ మాత్రం పాత ఇనప బకెట్ వదల్లేదు. ప్లాస్టిక్‌వి ఆరు నెలలకే పగులుతాయి, ఇది నా తర్వాత కూడా ఉంటుంది అంటుంది. పిడి దగ్గర తుప్పు పట్టి, అడుగు తీసి అడుగేస్తే చాలు కిర్రుమంటుంది. మా బిల్డింగ్‌లో ఆ చప్పుడు తెలియని వాళ్లు లేరు. పొట్టిది దానికి ఫస్ట్ బెల్ అని పేరు పెట్టింది.

ఫిబ్రవరి 12

కోడింగ్ మొదలైంది. నలభై ఒకటో ప్రశ్నకు ఏ జవాబు వచ్చినా ఒక అంకె కింద మార్చాలి. డబ్బు అయితే ఒకటి, ఆరోగ్యం రెండు, స్నేహాలు మూడు, కుటుంబం నాలుగు, పరీక్ష భయం ఐదు. వీటిలో దేనిలోనూ ఇమడకపోతే ఆరు, అంటే ఇతరం. ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేసి కాగితాన్ని కట్టలో పడేస్తాం, మళ్లీ ఎవరూ తెరవరు. ఆరు వేసినవి మాత్రం పింక్ ఫైల్లో పెట్టాలి. కొత్త కోడ్ అవసరమా అని మేడం వాటిని స్వయంగా చదువుతారు.

ఒకడు ఫోన్ అని రాశాడు, అంతే. ఒకమ్మాయి మా అక్క బాగా చదువుతుంది అని రాసింది. ఇంకొకరు పది గీతలూ ఖాళీగా వదిలేసి చివర్లో, రాయలేను అని రాశారు. దానికి ఏ అంకె వెయ్యాలో తెలియక చాలాసేపు కూర్చున్నాను. చివరికి ఐదు వేశాను.

ఫిబ్రవరి 19

137 చేతికొచ్చింది.

నాలుగు వెయ్యాలి. కుటుంబం. ఎవరైనా నాలుగే వేస్తారు. పెన్ను పెట్టాను. నాలుగు వేసిన జవాబుల్లో తాగొచ్చి కొట్టే నాన్నలున్నారు, పెళ్లి చేసుకోమని ప్రాణం తీసే మామయ్యలున్నారు. వాళ్ల పక్కన మా అమ్మను నిలబెట్టడానికి చెయ్యి రాలేదు. ఐదు వేద్దామనుకున్నాను. నాకు భయం పరీక్ష అంటే కాదు. చివరికి ఆరు వేసి పింక్ ఫైల్లో పెట్టాను.

ఆరు వేస్తే మేడం చదువుతారని నాకు తెలుసు. తెలిసే వేశానా? ఎవరో ఒకరు చదివి, నువ్వు చెడ్డపిల్లవి కాదులే అంటే బాగుండుననిపించింది. ఆ ఒకరు మేడం అయితే ఇంకా బాగుండుననిపించింది. మేడం ఎవరికీ చెప్పరు. అమ్మ చెవిన మాత్రం ఈ మాట పడకూడదు. అదొక్కటే నాకు కావలసింది.

ఫిబ్రవరి 20

పింక్ ఫైలు టేబుల్ మీద లేదు. మేడం ఇంటికి తీసుకెళ్లారట.

ఫిబ్రవరి 26

మేడం నా మీద ఎందుకో చాలా ప్రేమగా ఉన్నారు. సరిగ్గా తింటున్నావా అని అడిగారు. ఈ రెండు పేపర్లు గట్టెక్కించు, రీసెర్చ్ సీటుకు నేనే లెటర్ రాస్తాను అన్నారు. వెళ్తూ వెళ్తూ తల మీద చెయ్యి వేశారు. చదివారని అర్థమైంది. చదివి కూడా ఆ మాట ఎత్తనందుకు ఆవిడ కాళ్ల మీద పడాలనిపించింది.

మార్చి 6, ఉదయం 7

ఈరోజు సెమినార్. మేడం తన స్టడీ మీద మాట్లాడతారు. బయటి యూనివర్సిటీల నుంచి ప్రొఫెసర్లు వస్తున్నారు. లాప్‌టాప్ దగ్గర కూర్చుని స్లయిడ్లు మార్చే పని నాది. ఇరవై రెండు స్లయిడ్లూ నేనే చేశాను. అన్నీ బార్లు, శాతాలు.

కుర్చీలు వెయ్యడం, మంచినీళ్లు అందించడం అమ్మకు పడింది. ఐదింటికి తలుపు దగ్గర చెప్పులేసుకుంటూ, అయితే ఇవాళ తల్లీకూతుళ్లు ఒకే స్టేజీ ఎక్కుతున్నారు అంది. ఇద్దరం నవ్వాం. ఆ ఎర్ర డ్రెస్ వేసుకో, దూరం నుంచైనా బాగా కనబడతావు అంది.

మార్చి 6, మధ్యాహ్నం 2

హాల్లోంచి వచ్చేశాను. మూడో అంతస్తు బాత్రూంలో కూర్చుని రాస్తున్నాను.

ఇరవై రెండో స్లయిడ్ అయిపోయింది. థాంక్యూ అని చెప్పి ముగించాలి. ఇంకొకటుంది, నొక్కమ్మా అంది మేడం. పొద్దున ఆవిడే కలిపిందట, నాకు తెలియదు. నొక్కాను. తెర మీద, ఒక విద్యార్థిని మాటల్లో, అని పెద్దక్షరాలు పడ్డాయి. దాని కింద నా జవాబు. నేను రాసినట్టే, ఒక్క అక్షరం పొల్లు పోకుండా. ఈ బిల్డింగ్‌లో అన్నది మాత్రం తీసేసి, ఒక విద్యాసంస్థలో అని మార్చింది. బకెట్ అలాగే ఉంది. కిర్రు అలాగే ఉంది. జ్వరం అలాగే ఉంది.

తర్వాత పైకి చదివింది. ఆవిడ గొంతు బాగుంటుంది. ఎక్కడ ఆగాలో తెలుసు. బకెట్ కిర్రుమంటుంది అన్నప్పుడు వెనక వరసల్లో మా బిల్డింగ్ పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జ్వరం మాట దగ్గర ఎవరో చిన్నగా నవ్వారు. తర్వాత అందరూ పాపం, పాపం అన్నారు. చప్పట్లు కొట్టారు.

అమ్మ మూడో వరసలో ట్రేతో ఉంది. ఆమె ఐదో క్లాసు దాకా చదివింది, పెద్దక్షరాలైతే కూడబలుక్కుని చదువుతుంది. కానీ చదవాల్సిన అవసరమే లేదు, చెవులున్నాయి కదా. నేను ఆమెనే చూస్తున్నాను. ట్రే ఒక్క క్షణం ఆగింది. నిజంగా ఆగిందా, నాకు అలా అనిపించిందా? తర్వాత పక్కాయనకు గ్లాసు అందించింది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

ఆ కీ నొక్కింది నేను. నా వేలితో.

మార్చి 6, సాయంత్రం 7

అమ్మ మామూలుగానే ఉంది. చేతులు కడుక్కుని, జడ వెయ్యనా అంది. వేసింది. ఎప్పటిలాగే చివర ముడి గట్టిగా బిగించింది. మీ మేడం బాగా మాట్లాడిందే, నాకు ఏమీ అర్థం కాలేదనుకో, అంతా పెద్ద పెద్ద మాటలు అంది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అర్థం కాలేదట. విన్నా తన గురించేనని తెలియలేదేమో. అమ్మ అబద్ధం చెప్పదు.

మధ్యాహ్నం నుంచి ఈ డైరీలో మేడంకి మర్యాద లేదు.

మార్చి 7

పొట్టిది క్లాసులో అదే ఊదరగొడుతోంది. ఎవరే ఆ పిల్ల, మన ఫస్ట్ బెల్ ఆయా కూతురే అయి ఉంటుంది, అంటే మన బిల్డింగ్‌లోనే చదువుతోంది అంటోంది. కన్నతల్లికి జ్వరం రావాలని కోరుకునే కూతురు ఉంటే ఎంత, లేకపోతే ఎంత అంది. నేను జ్వరం రావాలని కోరుకున్నట్టు ఎక్కడ రాశాను? ఒకసారి జ్వరం వచ్చి పనికి రాలేదు అని మాత్రమే రాశాను. అలా అనబోయి, నోట్స్ తెరిచాను.

కాసేపయ్యాక అది గొంతు తగ్గించి ఇంకో మాట అడిగింది. ఎక్కడా చదవం అన్నావు కదే, మరి చదివారుగా, నాది కూడా చదువుతారా అంది. దాని మొహం చూడలేకపోయాను.

మార్చి 9

మేడం గదికి వెళ్లాను. టీ పోసింది. తాగలేదు.

ఎందుకు చదివారు అని అడిగాను. అది నీదేనని నాకు తెలుసు, ఫైళ్ల మీద లేబుళ్లన్నీ నీ రాతే కదా అంది. నీ పేరు చెప్పానా, ఊరి పేరు చెప్పానా, ఎవరికి తెలుస్తుంది అంది. రెండు వందల పన్నెండు కాగితాల్లో ప్రాణమున్నది అదొక్కటే, చదివిన రోజు నిద్రపట్టలేదు, నిన్ను చూసి గర్వపడ్డాను తల్లీ అంది. కళ్లు తుడుచుకుంది కూడా. అవి దొంగ కన్నీళ్లు కావు, అదే నాకు ఇంకా మండింది.

ఎక్కడా పైకి చదవం అని రాశాం కదా అన్నాను. ఆ వాక్యం నువ్వు కలిపిందే కదమ్మా, నేను రాయించింది ఎవరికీ చూపించం అని, చూపించింది మాటల్నే కదా, మనిషిని కాదు అంది. ఆ వాక్యాన్ని భలే ఉందన్నది కూడా ఈవిడే.

మా అమ్మ అక్కడే ఉంది అన్నాను. ఎక్కడ అంది. హాల్లో అన్నాను. అయ్యో, ఏ వరసలో కూర్చుంది అంది.

మీకు నీళ్ల గ్లాసు అందించింది అన్నాను.

ఆవిడ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తోంది. గుర్తు రాలేదు. తొమ్మిదేళ్లుగా ఈ గది ఊడ్చే మనిషి మొహం ఈవిడకు తెలియదు. చివరికి, ముందే చెప్పొద్దూ అంది. మీ స్టడీ పేపర్ అచ్చుకు వెళ్తోంది కదా, అందులో నా జవాబు తీసెయ్యండి అన్నాను. తీసేస్తే పేపర్ చచ్చిపోతుందమ్మా, కావాలంటే బకెట్ తీసేసి పని సామాను అని మారుస్తాను అంది.

నాకిచ్చిన గది తాళంచెవి టేబుల్ మీద పెట్టి వచ్చేశాను. లెటర్ సంగతి నేను మర్చిపోలేదులే అంది వెనక నుంచి.

మార్చి 10

పని సామాను.

మార్చి 16

ఈ కోపం ఎటు పోయినా తిరిగి నా దగ్గరికే వస్తోంది. మేడం మాట తప్పింది. కానీ ఆ మాటలు ఆవిడ పుట్టించలేదు. నాలుగు వేసి ఉంటే ఆ కాగితం కట్టలో పడి ఉండేది. అమ్మను కుటుంబం అనలేక ఇతరం అన్నాను.

సాయంత్రం పొట్టిది ఇంకో కబురు తెచ్చింది. వాళ్లు నలుగురు కలిసి వెళ్లి ఆయాను అడిగేశారట, మీ అమ్మాయి ఇక్కడే చదువుతోందా అని. ఆమె తుడవడం ఆపకుండానే, నాకు కూతుళ్లు లేరమ్మా, ఒక్క కొడుకు, ఎక్కడో దూరంగా పని చేసుకుంటున్నాడు అందట. అయితే మన ఆయా కాదులే అని తేల్చేశారు. పొట్టిదానికి కొంచెం నిరాశ కూడా.

నాకు అన్నయ్య లేడు. అమ్మ అంత చక్కగా అబద్ధం చెప్పగలదని ఇవాళ తెలిసింది. ఒప్పందం ప్రకారమే కదా అని సర్దిచెప్పుకున్నాను. కానీ కొడుకుని కూడా ఎక్కడి నుంచి తెచ్చింది? ఆ రోజు జడ వేస్తూ అర్థం కాలేదు అన్నది కూడా ఇలాగే అందేమో.

మార్చి 17

అడగలేకపోయాను.

మార్చి 25

ఇవాళా అడగలేదు. జడ వేస్తూ అమ్మ ఏదో పాట కూనిరాగం తీసింది. పాట తీసే మనిషికి బాధ ఉండదు కదా? పరీక్షలు ఏప్రిల్ 3 నుంచి. పోయిన రెండు పేపర్లు, ఇప్పటివి నాలుగు. చదువుతున్నాను. పేజీ తిప్పుతున్నానంతే.

ఏప్రిల్ 3, ఉదయం 6

అమ్మ ఇంకా లేవలేదు. తొమ్మిదేళ్లలో నేను ఇలా చూడటం ఇది రెండోసారి. జ్వరం అంది. నుదుటి మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. వేడి లేదే అన్నాను. లోపలి జ్వరం, చేతికి తెలియదు అంది. దుప్పటి మెడ దాకా లాక్కుని గోడ వైపు తిరిగింది.

డాక్టర్ దగ్గరికి వెళ్దాం, నేను పరీక్ష మానేస్తాను అన్నాను. ఛీ నోర్ముయ్, వెళ్లి రాయి అంది. తర్వాత, ఇంకా గోడ వైపే చూస్తూ, ఈసారి కూడా ఎక్కువే వస్తాయిలే అంది.

ఈసారి కూడా.

ఏప్రిల్ 3, మధ్యాహ్నం

కారిడార్‌లో చప్పుడు లేదు. హాల్ టికెట్ నంబరు రాశాను. ఒక ప్రశ్న రాశాను, రెండోది సగం రాశాను. మిగతా సమయమంతా తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను. గంటన్నరకే పేపర్ ఇచ్చేసి వచ్చాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ బట్టలు ఉతుకుతోంది. బాగా రాశావా అంది. బాగా రాశాను అన్నాను. అమ్మ మొహం ఎంత వెలిగిందో చెప్పలేను. ఆ సంతోషాన్ని చూసి తట్టుకోలేక లోపలికి వెళ్లి ఏడ్చాను.

ఏప్రిల్ 4

ఇవాళ సెలవు పెట్టకుండానే పనిలోకి వెళ్లింది. పరీక్షల రోజుల్లో ఇంకోసారి రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడట సూపర్‌వైజర్. అమ్మ ఆ మాట చెప్పి, మరేం చెయ్యను అన్నట్టు నా వైపు చూసింది. తప్పు చేసిన దానిలాగా చూసింది. నా వైపు!

అమ్మా, ఆ రోజు హాల్లో, అని మొదలుపెట్టాను. ముందు తిను అంది. అది కాదే, నేను రాసింది, అన్నాను. పరీక్షలయ్యాక మాట్లాడుకుందాం, ఇప్పుడు అవన్నీ బుర్రలో పెట్టుకోకు, నిజం రాయమంటే నిజమే రాస్తారు ఎవరైనా అంది. నా కంచంలో ఇంకొంచెం అన్నం వేసింది. తిట్టలేదు. ఒక్క మాట తిట్టినా బతికిపోయేదాన్ని.

ఏప్రిల్ 7

రెండో పేపర్. పొద్దున హాల్లోకి వెళ్తూ ఒకటే అనుకున్నాను. కిర్రుమననీ. ఎంత గట్టిగా మోగితే అంత మంచిది. అది వినబడుతుండగానే రాస్తాను.

మూడు గంటల పేపర్లో గంట గడిచింది. చప్పుడే లేదు. రాలేదేమో, మళ్లీ జ్వరమేమో, ఉద్యోగం పోతుందేమో అని భయం. సరిగ్గా అప్పుడు తలుపు కింద సందులోంచి ఫినాయిల్ వాసన వచ్చింది. తడి గుడ్డ నేల మీద జరిగే చప్పుడు, అంతే. అమ్మ తలుపు అవతలే ఉంది. అది తెలిశాక పెన్ను కదల్లేదు.

బెల్ కొట్టగానే బయటికి పరిగెత్తాను. బకెట్ గోడ పక్కన ఉంది. పిడి చుట్టూ, ఆ తుప్పు పట్టిన చోట్ల ఇంకా ఎక్కువగా, నీలం గుడ్డ బిగించి చుట్టి ఉంది. ఆ నీలం నాకు తెలుసు. నా ఎనిమిదో క్లాసు యూనిఫాం. అంచులు మడిచి సూదితో కుట్టింది కూడా.

అమ్మ వంగి తుడుస్తోంది. పిల్లలందరూ హాల్లోంచి వస్తున్నారు. పొట్టిది నా పక్కకు వచ్చి నాలుగో ప్రశ్నకు ఆన్సర్ ఎంతొచ్చింది అని అడుగుతోంది. దాని చెయ్యి పట్టుకుని, ఈవిడ మా అమ్మ అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ రాసిన పిల్లను నేనే అన్నాను. నలుగురైదుగురు ఆగారు.

అమ్మ లేచి నిలబడింది. ఒక్కసారి నా కళ్లలోకి చూసింది. తర్వాత పొట్టిదాని వైపు తిరిగి నవ్వింది. పరీక్షల్లో బాగా అలిసిపోయినట్టుందమ్మా, మంచి పాప, ఎప్పుడూ నన్ను అమ్మా అమ్మా అనే పిలుస్తుంది అంది. నా చెయ్యి పట్టుకోబోయి, మానేసి, కొంచెం పక్కకు జరగండమ్మా, తడిగా ఉంది, జారిపడతారు మీరు అంది.

మీరు అంది. నన్ను.

పొట్టిది నవ్వలేదు. అమ్మ మొహం చూసింది, నా మొహం చూసింది. నా బ్యాగ్ తీసుకుని మెట్ల దాకా నడిపించింది.

ఏప్రిల్ 9

నిన్న సాయంత్రం మెట్ల కింద అమ్మ సామాను పెట్టుకునే గదిలోకి వెళ్లి, బకెట్‌కు చుట్టిన గుడ్డ విప్పేశాను. పైకెత్తి ఊపి చూశాను. కిర్రుమంది.

ఇవాళ మూడో పేపర్. చప్పుడు రాలేదు. బయటికొచ్చి చూశాను. మళ్లీ చుట్టి ఉంది. ఈసారి రెండు ముళ్లు.